ఆస్పత్రి పెట్టించిన ఫోను

కంచరపాలెంలో ఆ వీధి మలుపులో గవర్రాజు సైకిలు కనిపించిందంటే, పాతవూరి ఆస్పత్రిలో ఎవరికో ఆపరేషను తప్పదని ఇంటింటికీ తెలిసిపోయేది. గవర్రాజు ఆ ఆస్పత్రిలో బంట్రోతు. గౌరీశ్వరి అక్కడ ఆపరేషను థియేటరు నర్సు. ఆమె డ్యూటీ దిగి ఇంటికి వచ్చేశాక ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, పెద్ద డాక్టరు భీమశంకరరావుగారు గవర్రాజును సైకిలెక్కించి తరిమేవారు. ఇంకెవరు పక్కన నిలబడినా ఆయనకు చెయ్యి సాగేది కాదు. కోత మీది నుంచి చూపు తిప్పకుండా ఆయన చెయ్యి చాపితే, అడగకముందే అందులో కావలసిన పనిముట్టు పడాలి. అలా పెట్టగలిగింది గౌరీశ్వరి ఒక్కతే.

గవర్రాజు వచ్చి అరుగు మీద కూలబడి ముందు చెమట తుడుచుకునేవాడు. గౌరీశ్వరి అత్తగారు సన్యాసమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చేది. అతను గుటక గుటకకీ ఒక ముక్క చెప్పేవాడు.

"పోర్టులో బస్తాల మీంచి పడ్డాడు సిస్టరమ్మా. తొడెముక. రగతం ఆగిపోనాది. కంగారు పడొద్దని సెప్పమన్నారు బాబు. ఆయనే తెగ కంగారు పడిపోతన్నారు."

అతను మజ్జిగ తాగి చెంబు కింద పెట్టేలోపు గౌరీశ్వరి జడ అల్లుకునేది, చీర మార్చుకునేది, కూతురు కాంతానికి నాలుగు జాగ్రత్తలు చెప్పేది. రిక్షా ఎక్కి రైలు పట్టాలు దాటి జ్ఞానాపురం మీదుగా వెళ్తున్నంతసేపూ మనసులో ట్రే సర్దుకుంటూనే ఉండేది. తొడెముక అంటే ఏవి కావాలి, ఏది ఏ వరసలో ఉండాలి, రక్తం మళ్ళీ మొదలైతే ముందు దేని మీద చెయ్యి వెయ్యాలి. రిక్షా ఆస్పత్రి గేటు దగ్గర ఆగేసరికి ఆమెలో ఇంటి మనిషి వెనక్కి వెళ్ళి నర్సు ముందుకు వచ్చేసేది. అలా ఏళ్ళు గడిచాయి. అదొక కష్టమని ఆమెకు ఏనాడూ అనిపించలేదు.

ఆమె పుట్టింది పరవాడ పక్కన ఒక పల్లెలో, మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో. పెద్దాసుపత్రిలో నర్సింగు చదవడానికి వెళ్తానంటే చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. పరాయి మగాళ్ళ ఒళ్ళు ముట్టుకునే ఉద్యోగం చేసిన పిల్లను ఎవరు చేసుకుంటారని మొహం మీదే అడిగారు. అప్పుడు ఆమెకు మేనత్త అయిన సన్యాసమ్మ కొంగు దోపుకుని మధ్యలోకి వచ్చింది.

"మా అన్న కూతురు ముట్టుకుంటే జొరం తగ్గుతాది. మీరు ముట్టుకుంటే పెరుగుతాది. దాన్ని నా కొడుక్కి సేసుకుంటాను, ఇంక ఎవులూ మాటాడొద్దు."

ఆ కొడుకు కొండలరావు. పోర్టులో క్రేను నడుపుతాడు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన నోటితోనే పెళ్ళయ్యాకా గౌరీశ్వరి అలాగే పిలిచేది. అతను తక్కువ మాట్లాడే మనిషి. భార్య ఉద్యోగం గురించి ఎవరైనా ఎత్తిపొడిస్తే, "మా క్రేను దించీది ఇనుము. నా పెళ్ళాం దించీది నొప్పి," అని ఊరుకునేవాడు.

ఒక వానాకాలం తుఫాను పట్టింది. ఆ రోజే పురుడు అడ్డం తిరిగిన ఒక గర్భిణిని ఆస్పత్రికి తెచ్చారు. గవర్రాజు సైకిలు జ్ఞానాపురం నీళ్ళలో మునిగిపోయింది. అతను సైకిలు భుజాన వేసుకుని నడిచి వచ్చి, గౌరీశ్వరిని వెంటపెట్టుకుని మళ్ళీ నడిచి వెళ్ళేసరికి చాలా ఆలస్యమైపోయింది. దేవుడి దయ, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు. కానీ ఆ రోజు ఎదురుచూపు భీమశంకరరావుగారిని వదల్లేదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ మనిషి ఆయన. కోపం ముక్కు మీద ఉన్నా మనసు మంచిది. ఆస్పత్రి పెద్దల వెంటపడి, అడగవలసిన వాళ్ళను అడిగి, డెబ్భై ఏడో సంవత్సరంలో గౌరీశ్వరి ఇంటికి టెలిఫోను వేయించారు.

ఆ రోజుల్లో ఇంట్లో ఫోనంటే మాటలా. డబ్బున్న వాళ్ళే ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చునేవాళ్ళు. తీగ లాగే మనుషులు స్తంభమెక్కుతుంటే వీధంతా కింద నిలబడి చూసింది. నల్లటి ఫోను వచ్చి ముందుగదిలో ముక్కాలి పీట మీద కూర్చుంది. సన్యాసమ్మ దానికి పసుపూ కుంకుమా పెట్టింది. మొదటిసారి అది మోగినప్పుడు కాంతం తలుపు వెనక దాక్కుంది. గౌరీశ్వరి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటే అవతల డాక్టరుగారే.

"సిస్టర్, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది సార్."

"హమ్మయ్య. ఇక వాన పడినా పర్వాలేదు."

ఆ మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి. తన చేతి పనికి ఇంత విలువ ఇచ్చారనుకుంది. మొదటి నెలల్లో ఫోను నిజంగానే మేలు చేసింది. కడుపులో పేగు మెలిపడ్డ ఒక కుర్రాడు, పట్టాల దగ్గర చెయ్యి నలిగిన ఒక కళాసీ, వీళ్ళు బతికారంటే తను వేళకు చేరబట్టేనని ఆమెకు తెలుసు. ఆస్పత్రికి ఒక్కటే కాదు, వీధికీ అది ఆదరువైంది. ఎదురింటి నారాయణమ్మ కొడుకు ఓడ మీద పనిచేసేవాడు. ఏ రేవులోనో దిగి ట్రంకు కాల్ చేస్తే, ఆమె పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి మాట్లాడి వెళ్ళేది.

తర్వాత తర్వాత వరస మారింది. గవర్రాజును సైకిలు మీద ఊరు దాటించాలంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. పాపం మనిషి, ఎండ, ఎగుడు దారి, రైలు గేటు. ఫోనుకు ఆ మొహమాటం ఏముంది. అంకెలు తిప్పితే చాలు. చేతితొడుగుల పెట్టె ఎక్కడ పెట్టారు సిస్టర్? ఉడకబెట్టిన సూదులు ఏ డబ్బాలో ఉన్నాయి? రేపటి ఆపరేషనుకు దుప్పట్లు ఉతికి వచ్చాయా, చాకలి ఏమన్నాడు? మధ్యాహ్నం ఒక కునుకు తీద్దామంటే ఫోను. నోట్లో ముద్ద పెట్టుకోబోతే ఫోను. ఆస్పత్రి గుమస్తా కనకరత్నమైతే, తన బల్ల సొరుగు తెరుచుకోకపోయినా ఆమెకే చేసేవాడు. వాళ్ళలో ఎవరిదీ చెడ్డ బుద్ధి కాదు. చేతికి అందింది కాబట్టి అడిగారంతే.

గవర్రాజు రావడం మానేశాడు. దాంతోపాటు ఆ మజ్జిగ, ఆ నాలుగు ముక్కల కబురు, రిక్షాలో ట్రే సర్దుకునే తీరిక కూడా పోయాయి. ఇప్పుడు "వెంటనే రండి" అని ఒక్క మాట వినిపించి అవతల టక్కుమని పెట్టేసేవారు. కాలా, కడుపా, పురుడా, ఏమీ తెలిసేది కాదు. దారి పొడుగునా అన్నిటికీ భయపడుతూ వెళ్ళేది.

క్రమంగా ఆమె చెవులు ఆమె మాట వినడం మానేశాయి. వీధిలో ఐసు బండి గంట కొట్టినా, రిక్షావాడు బెల్లు నొక్కినా, కాంతం చెంబు కింద పడేసినా ఉలిక్కిపడి ముందుగది వైపు చూసేది. నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటూ మధ్యలో చేద ఆపి వినేది. నీళ్ళు పోసుకోవడానికి వెళ్తే తలుపు దగ్గర కాంతాన్ని కాపలా పెట్టేది. బీచికి వెళ్దామంటే వద్దనేది, అక్కడుంటే మోగినా వినపడదు. నూకాలమ్మ జాతరకు అనకాపల్లి వెళ్ళడం మానేసింది. తల వెనక నొప్పి పట్టుకుంది. తన రక్తపోటు తనే చూసుకుని, ఎక్కువుందని ఎవరికీ చెప్పకుండా పట్టీ చుట్టేసి పెట్టెలో పెట్టేసింది.

కొండలరావు ఒకరోజు భోజనం దగ్గర ఆమెనే చూస్తూ అన్నాడు.

"నువ్వు తింటన్నావా, ఇంటన్నావా?"

"తింటన్నాను బావా."

"ఏటి కూర సెప్పు?"

ఆమె కంచంలోకి చూసి గానీ చెప్పలేకపోయింది. బీరకాయ.

"మా క్రేనుకి కూడా దిగిపోయే టయిముంటాది. దిగినాక ఇంక దాన్ని తలుసుకోను నాను. నువ్వు దిగుతన్నావా అసలు?" అని, లేచి వెళ్ళి ఫోను చెవిముక్క తీసి పక్కన పెట్టాడు. "ఇప్పుడు తిను."

గౌరీశ్వరి రెండు ముద్దలు కలిపింది. మింగుడు పడలేదు. అడ్డం తిరిగిన పురుడు, తుఫాను నీళ్ళు, గవర్రాజు భుజం మీద సైకిలు గుర్తొచ్చాయి. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి చెవిముక్క యథాస్థానంలో పెట్టి వచ్చింది. కొండలరావు ఆమె కంచంలో ఇంకో గరిటె కూర వేశాడు.

డెబ్భై తొమ్మిది ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున అది జరిగింది. కొండలరావు డ్యూటీకి వెళ్ళాడు. సన్యాసమ్మ పెరట్లో వడియాలు పెడుతోంది. గౌరీశ్వరి మసిగుడ్డతో అన్నం గిన్నె పట్టుకుని గంజి వారుస్తోంది. ఫోను మోగింది. ఒళ్ళు జలదరించి చెయ్యి జారింది. కుతకుత ఉడికిన గంజి, దాని వెనకే సగం అన్నం, కుడి పాదం మీద పడ్డాయి.

ఆమె కేక కూడా వెయ్యలేదు. కుంటుకుంటూ ముందుగదిలోకి వెళ్ళి ఫోను ఎత్తింది.

"సిస్టర్, గుడ్డల బీరువా తాళంచెవి ఎక్కడుందండీ?"

"కిటికీ పక్కన మేకుకు," అని చెప్పి పెట్టేసింది. అప్పుడు వంగి చూసుకుంది. పాదం మీద తోలు ముడతలు పడి లేస్తోంది.

మెతుకుల అడుగులు చూసుకుంటూ లోపలికి వచ్చిన సన్యాసమ్మ సంగతి గ్రహించి చేదతో నీళ్ళు తెచ్చి కాలి మీద పోసింది.

"ఒలే గౌరమ్మా. కాలు కాలితే ఎవులైనా నీళ్ళకాడికి ఎల్తారే. నువ్వు ఫోనుకాడికి ఎల్లినావు."

అప్పుడు ఏడ్చింది గౌరీశ్వరి. మంటకు కాదు. ఆ మాటకు.

కాలికి కట్టు కట్టి, కొన్ని వారాలు నేల మీద పెట్టవద్దన్నారు. సన్యాసమ్మ ఫోనును పీటతో సహా, తీగ సాగినంత దూరం లాక్కుని వెళ్ళి తన నులకమంచం పక్కన పెట్టుకుంది. అంతవరకూ ఆవిడ దాన్ని ముట్టుకున్నది పసుపు పెట్టడానికే. ఆ రోజు నుంచి మోగితే ఆవిడే ఎత్తింది.

"ఎవులు?"

"ఆస్పత్రి నుంచండీ."

"ఆస్పత్రి మాటాడదు గదా నాయనా. నువ్వెవులు?"

"కనకరత్నాన్ని. గుమస్తానండీ."

"బువ్వ తినీసినావా?"

"తిన్నానండీ. సిస్టరు గారితో ఒక్క ముక్క..."

"దానికి కాలు కాలిపోనాది. ఎవులికైనా పేనం మీదికొచ్చిందేటి?"

"లేదండీ. కొత్తగా వచ్చిన గాజు సిరంజీలు ఎక్కడ పెట్టారో..."

"ఎతుక్కో నాయనా. నా ముక్కుపుడక పోతే నాను ఇల్లంతా ఎతుక్కున్నాను. దొరికింది. నీకూ దొరుకుతాది," అని ఎంతో నెమ్మదిగా చెప్పి పెట్టేసేది.

మంచం మీద నుంచి వింటున్న గౌరీశ్వరి మొదట్లో అడ్డుపడేది. "అత్తా, అలా పెట్టీకు, పెద్దాళ్ళేటనుకుంటారు," అనేది. ఆవిడ అందరినీ ఒకే రకంగా అడిగేది. బువ్వ తిన్నావా, ప్రాణం మీదికి వచ్చిందా. రెండో ప్రశ్నకు లేదనేవాళ్ళే దాదాపు అందరూ. సిరంజీలు దొరికాయి, దుప్పట్లూ దొరికాయి. ఆస్పత్రి కూలిపోలేదు. అది చూసి గౌరీశ్వరికి ఊరటగానూ ఉంది, లోపల ఎక్కడో చిన్నతనంగానూ ఉంది.

ఒక మధ్యాహ్నం మాత్రం సన్యాసమ్మ అలవాటుగా అడగబోయి ఆగిపోయింది. అవతల పిల్ల గొంతు. రొప్పుతోంది. ఆవిడ మారుమాట లేకుండా చెవిముక్క కోడలికి అందించింది. ఫోను చేసింది తాయారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వార్డులో పనిచేస్తున్న నర్సు. థియేటరులో గౌరీశ్వరి చేతి కింద నిలబడిందే తప్ప డాక్టరు పక్కన ఎప్పుడూ నిలబడలేదు.

"అక్కా, ఉక్కు కర్మాగారం పని జరిగే కాడ ఎవులో పైనుంచి పడిపోనాడు. కడుపు కోసి సూడాలంటన్నారు. నన్ను నిలబడమంటన్నారు. నా వల్ల కాదక్కా."

గౌరీశ్వరి కళ్ళు మూసుకుంది. గవర్రాజు ఏమేం చెప్పేవాడో అవి ఒక్కొక్కటే అడిగింది. మనిషికి తెలివుందా? నాడి ఎలాగుంది? రక్తం తెప్పించారా? డాక్టరుగారి మొహం ఎలాగుంది? ఆ చివరి ప్రశ్నకు తాయారు ఏడుస్తూనే నవ్వింది. తర్వాత ట్రే మీద ఏది ఏ వరసలో పెట్టాలో తాపీగా చెప్పింది.

"ఆయన చెయ్యి చాపినపుడు చెయ్యి సూడకు. ఆయన సూస్తన్న చోటు నువ్వూ సూడు. ఏటి కావాలో అక్కడే కనపడతాది. తప్పిస్తే అరుస్తారు. అరుపు పేషెంటుకి తగలదు, నీకూ తగలదు. వెళ్ళు."

ఆ సాయంత్రం వరకూ ఆమె మంచం మీద కూర్చునే ఉంది. గవర్రాజు సైకిలు మీద వచ్చి కబురు చెప్పాడు. మనిషి బతికాడు. డాక్టరుగారు మూడుసార్లు అరిచారట. తాయారు బయటికొచ్చి వాంతి చేసుకుని, టీ తాగి, మళ్ళీ వార్డుకు పోయిందట. సన్యాసమ్మ లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది.

మర్నాడే భీమశంకరరావుగారు కాలు చూడ్డానికి వచ్చారు. కారు వీధిలోకి రాగానే నారాయణమ్మతో సహా అంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. సన్యాసమ్మ ఉన్న ఒక్క కుర్చీ దులిపి మంచం పక్కన వేసింది. ఆయన కట్టు విప్పి చూసి, బాగా మానుతోందన్నారు. ఇంతలో ఫోను మోగింది.

ఎవరూ కదలకముందే గౌరీశ్వరి మంచం మీద నుంచి సగం లేచింది. పెట్టవద్దన్న కాలు నేల మీద పెట్టేసింది. మొహం పాలిపోయింది. డాక్టరుగారు ఆ మొహాన్ని చూశారు, మెడ దగ్గర కొట్టుకుంటున్న నరాన్ని చూశారు. ఎన్ని వేల మంది రోగులను చూసిన కళ్ళో అవి.

"మీరు కూర్చోండి," అని ఆయనే ఎత్తారు. "హలో."

"సిస్టరుగారూ, కనకరత్నాన్ని. డాక్టరుగారు లేని వేళ చూసి అడుగుదామని చేశాను. కత్తెరలు సాన పట్టించమన్నారు కదా, ఏ కొట్టుకు పంపాలండీ?"

"డాక్టరు లేని వేళే ఎందుకు?"

"ఆయనుంటే అరుస్తారండీ. మీ గొంతు అలా ఉందేంటి, జలుబు చేసిందా?"

"జలుబు కాదు, నేను భీమశంకరరావుని."

అవతల ఫోను మెల్లగా, పడుకున్న పిల్ల లేస్తుందేమో అన్నంత జాగ్రత్తగా పెట్టేసిన చప్పుడు. డాక్టరుగారు చెవిముక్క దాని చోట పెట్టేసి అడిగారు.

"ఇలాంటివి చాలా వస్తాయా?"

సన్యాసమ్మ అంది. "నాకు లెక్కలు రావు బాబూ. పొయ్యి మీంచి దించిన కూర దీని కంచంలో ఏనాడూ ఏడిగా లేదు. కాలు మీద గంజి పడితే ముందు తమరి ఫోను ఎత్తింది, తరవాత కాలు సూసుకున్నాది."

ఆయన గౌరీశ్వరి వైపు తిరిగారు. "నాకెందుకు చెప్పలేదు సిస్టర్?"

"మీరు గౌరవంగా పెట్టించారు సార్. వద్దనడానికి నోరు రాలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నుదురు రుద్దుకున్నారు. "మా ఇంట్లోనూ ఇదే వరస. భోజనానికి ఎటు కూర్చోబెట్టినా ఫోను వైపే తిరిగి కూర్చుంటానని మా ఆవిడ దెప్పుతుంది. అలవాటైపోయి నాకిక తెలియడం లేదు. మీకైనా తెలిసింది. తీయించేయమంటారా?"

వాకిట్లో నిలబడి వింటున్న నారాయణమ్మ, కొడుకు ఫోను గుర్తొచ్చి, ఒక అడుగు లోపలికి వేసింది. గౌరీశ్వరి అటు చూసి తల అడ్డంగా ఊపింది.

"తీయించొద్దు సార్. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెయ్యండి. వస్తువుల కోసం చెయ్యొద్దని చెప్పండి. ఏమైందో కూడా రెండు ముక్కలు చెప్పమనండి, దారిలో ఆలోచించుకుంటాను. తాయారుకు పని నేర్పుతాను. ఒక వారం ఆమె, ఒక వారం నేను."

"తాయారు ఇంటికి ఫోను లేదు కదా."

"గవర్రాజున్నాడు కదా సార్."

ఆయన నవ్వారు గానీ వెంటనే సరే అనలేదు. "నా చేతికి మీరు అలవాటు సిస్టర్."

"నిన్న తాయారు నిలబడింది కదా సార్. మెల్లగా అలవాటవుతుంది. ఆమెకూ, మీకూ."

అంత మాట డాక్టరుగారితో తను అన్నానా అని ఆమె తర్వాత చాలాకాలం ఆశ్చర్యపోయింది. ఆయన మాత్రం సన్యాసమ్మ ఇచ్చిన కాఫీ పూర్తిగా తాగి, సరేనని లేచారు.

చెప్పినంత సులువుగా జరగలేదు ఇదంతా. తాయారు వారాల్లో థియేటరు బయటికి అరుపులు వినిపించేవి. ఒకసారి ఆయన తట్టుకోలేక తాయారు వారంలో గౌరీశ్వరికే ఫోను చేశారు. ఆమె వెళ్ళింది. కాదనే ధైర్యం లేదు, రోగి ఎదురుగా ఉన్నాడు. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ, "ఈ వారం తాయారుది సార్," అని మాత్రం అంది. ఆయన తువ్వాలు అందించారు. మళ్ళీ అలా చెయ్యలేదు. తాయారు చెయ్యి కూడా కుదురుకుంది. కనకరత్నం వస్తువులన్నిటికీ చోట్లు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక కొత్తవాళ్ళకు తనే గొప్పగా చూపించేవాడు.

గౌరీశ్వరి చెవులే అన్నిటికన్నా ఆలస్యంగా దారికి వచ్చాయి. సెలవు వారంలో మొదట్లో ఆమెకు ఇంకా ఇబ్బందిగా ఉండేది. మోగదని తెలిసీ వినేది. సన్యాసమ్మ ఫోను మీద దిండు వేస్తే, దిండు కింద మోగుతున్నట్టు ఉండేది. కొండలరావు ఆ వారాల్లో సాయంత్రాలు ఆమెనూ కాంతాన్నీ బయటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు లంగరు వేసిన ఓడలు చూపించాడు. ఒకనాడు తన క్రేను చూపించి, "అల్లదిగో, దాని మీద కూకుంటాను," అన్నాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ క్రేను ఎంత ఎత్తో ఆమె అప్పుడే చూసింది. దూరం నుంచి ఓడ కూత వినిపిస్తే ఒకసారి ఉలిక్కిపడింది. అతను నవ్వలేదు. చెయ్యి పట్టుకుని, "అది మనకి కాదు," అన్నాడు.

మరుసటి ఏడు వేసవిలో పరవాడ దగ్గర గౌరీశ్వరి అన్న కూతురి పెళ్ళి. తాయారు వారం. పెళ్ళింట్లో డోలూ సన్నాయీ మోగిపోతున్నాయి, పిల్లలు తొక్కుకుంటూ తిరుగుతున్నారు. గౌరీశ్వరి కాసేపు నడుం వాలుద్దామని చాప మీద ఒరిగి, నిద్రపోయింది. మామూలు నిద్ర కాదు, నోరు తెరుచుకుని చంటిపిల్లలా నిద్రపోయింది. పలకరించడానికి వచ్చిన చుట్టాలను సన్యాసమ్మ గుమ్మంలోనే ఆపింది.

"లేపకండి. ఈ వారం దానికి సెలవు."

పెళ్ళికూతురు తలంబ్రాలు పోసే వేళకు గానీ ఆమె లేవలేదు. లేచాక చాలా సిగ్గుపడింది. తల వెనక నొప్పి లేదని అప్పుడు గమనించింది.

ఎనభై అయిదులో ఆస్పత్రి పెద్దదైంది. ఉక్కు కర్మాగారం పనులకు జనం వెల్లువలా వచ్చారు. గాజువాక వైపు నుంచి కేసులు ఎక్కువయ్యాయి. గౌరీశ్వరి అప్పటికి థియేటరుకు పెద్ద నర్సు. ఆమె కింద తాయారు, తాయారు తయారు చేసిన ఇంకో ఇద్దరు. ఆ ఏడే గుండె కొట్టుకునే తీరు గీతలుగా చూపించే యంత్రం ఒకటి వచ్చింది. కంపెనీ మనిషి మద్రాసు నుంచి వచ్చి, తప్పు జరిగితే గంట కొడుతుందని గర్వంగా చూపించాడు. మిగతావాళ్ళంతా ఆ పచ్చ గీత వైపు నోరు తెరుచుకుని చూస్తుంటే, గౌరీశ్వరి అడిగింది.

"పేషెంటు ఊరికే కదిలినా కొడుతుందా?"

"ఒక్కోసారి కొడుతుందండీ."

"ఏది ఉత్త గంటో, ఏది నిజం గంటో ముందు ఈ పిల్లలకు నేర్పించండి. అది నేర్చుకున్నాకే దీన్ని వాడదాం."

డాక్టరుగారు వెనక నుంచి, "ఆమె చెప్పినట్టు చెయ్యండి," అన్నారు. కంపెనీ మనిషి ఒక్క పూటలో పోదామని వచ్చినవాడు ఇంకో రెండు రోజులు ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి సన్యాసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చేపల పులుసు కలుపుతోంది. కళ్ళు కొంచెం తగ్గాయి గానీ నోరు తగ్గలేదు ఆవిడకు.

"కొత్త మిషనేదో వచ్చిందంట గదే. గవర్రాజు సెప్పినాడు. ఏటి సేత్తాదది?"

"గుండె ఎలా కొట్టుకుంటందో సూపిస్తాది అత్తా. తేడా వస్తే మోగుతాది."

సన్యాసమ్మ గరిటె ఆపింది. "దాని తీగ మనింటిదాకా లాగుతారేటి?"

"లాగరు అత్తా. అక్కడే మోగుతాది, అక్కడున్నోళ్ళే సూసుకుంటారు."

"అయితే మంచి మిషనే. కాళ్ళు కడుక్కుని రా, పులుసు ఏడిగున్నాది."

కొండలరావు అప్పటికే కంచాలు పెట్టేశాడు. గౌరీశ్వరి కాళ్ళు కడుక్కుని వచ్చి, గోడకు ఆనుకుని హాయిగా కూర్చుంది. పులుసులో చింతపండు కాస్త ఎక్కువైందని అత్తతో అంది. ఎక్కువ కాలేదని ఆవిడ వాదించింది. ఆ వాదన భోజనం పూర్తయ్యేదాకా నడిచింది.